కాగితం మీది జీతం

"చేతులు తుడుచుకుని ఒకసారి ఇలా రా. సంతకం పెట్టాలి," అని కళ్ళద్దాల షాపు ముందు గదిలోంచి భర్త కేకేశాడు.

ఆమె సానరాయి ఆపింది. వెనక గదిలో ఆమె పని అదే. గుండ్రంగా వచ్చిన అద్దాలని ఫ్రేము ఆకారానికి అరగదీయడం, అంచుకి వాలు తీయడం, ఫ్రేములో కూర్చోబెట్టి చీమ తలంత మర బిగించడం. రాయి వేడెక్కకుండా దాని మీద సన్నగా నీళ్ళు కారుతూ ఉంటాయి కాబట్టి పొద్దున తడిసిన చేతులు షాపు మూసేదాకా ఆరవు. రోజుకి పాతిక జతలు. ముందు గదిలో గాజు బల్ల వెనక నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కు మీద ఫ్రేము పెట్టి "మీ మొహానికి భలే నప్పిందండీ" అనడం ఆయన పని. ఆ మాట రోజుకి పాతికసార్లు అంటాడు. దాన్ని షాపు నడపడం అంటారు. ఆమె చేసేదాన్ని సాయం చేయడం అంటారు.

సంతకం కూడా కొత్త కాదు. నెలాఖరున ఓ చిన్న పుస్తకం తెచ్చి, పై సగం మీద అరచెయ్యి ఆనించి, కింద గీత చూపించి, "ఇక్కడ" అంటాడు. అద్దాల పార్సిలు అందినట్టు కాబోలనుకుని పెట్టేస్తుంది. కాగితం తడవకూడదని ఒక తొందర, ఒకరి అద్దం ఇంకొకరి ఫ్రేములోకి పోతుందేమోనని ఇంకో తొందర. పెళ్ళయి నాలుగేళ్ళు. నలభై ఎనిమిది సంతకాలు. ఒక్కదాని పైన ఏం రాసుందో చూడలేదు. చూడనివ్వలేదు అనడం పూర్తిగా నిజం కాదు. చూస్తానని ఆమే అడగలేదు.

ఈసారి కాగితం పెద్దది. పైగా ఆయన, "చదివి పెట్టు," అన్నాడు.

"చదవాలా?"

"చదువు. రేపు భరణాల ఆఫీసులో అధికారిణి నిన్నే అడుగుతుందని లాయరు చెప్పాడు. తడబడకుండా చెప్పాలి."

నాలుగేళ్ళలో ఈ మనిషి తనని ఒక కాగితం చదవమనడం ఇదే మొదలు. ఆమెకి ఎందుకో కుర్చీ వేసి కూర్చోమన్నంత సంతోషం వేసింది. కూర్చునే చదివింది. 'నేను పై షాపులో నాలుగేళ్ళుగా అద్దాల బిగింపు పనిచేస్తూ, నెలకు పద్దెనిమిది వేలు జీతం క్రమం తప్పకుండా అందుకుంటున్నాను. ప్రతి నెలా అందినట్టు సంతకం చేశాను. పై మాటలన్నీ దేవుని ఎదుట నిజమని ప్రమాణం చేస్తున్నాను.'

ఆమెకి కోపం రాలేదు. పేపర్లో తన పేరే ఉన్న ఇంకో మనిషి గురించి వార్త చదివినట్టు, ఎవరీవిడ అనిపించింది. నెలకి పద్దెనిమిది వేలు తెచ్చుకునే ఈవిడ ఎలా ఉంటుంది? పుట్టింటికి వెళ్ళాలంటే బస్సు చార్జీ ఎలా అడగాలా అని రెండు రోజులు మాట పేర్చుకుంటుందా? అడిగాక "మొన్ననేగా వెళ్ళొచ్చావు" అన్న మాట విని, అవును మొన్ననే కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంటుందా? చెప్పు పట్టీ తెగితే మూడోసారి కుట్టిస్తుందా? కుట్టించదు. కొత్త జత కొనుక్కుని, పాతవి షాపులోనే వదిలేసి, టకటకా నడుచుకుంటూ ఇంటికి వస్తుంది. ఆమెకి ఆవిడంటే కాస్త ఇష్టం కూడా కలిగింది.

"నాకు జీతమా?" అంది నవ్వుతూ.

"అది కాగితం మీది జీతం. ఎప్పట్నించో లెక్కలాయన చేసిన ఏర్పాటు. అద్దె, సరుకు పోగా షాపు మీద నాకు అరవై మిగులుతుంది. నీ పద్దెనిమిదీ ఖర్చు కింద రాస్తే నలభై రెండు. ఆ పిల్లకి నేనిచ్చేది నా ఆదాయంలో ఆరో వంతు అంటారు. అరవైలో ఆరో వంతు పది. నలభై రెండులో ఏడు. బుర్ర ఉండాలి."

"మరి ఆ పద్దెనిమిది నాకెప్పుడూ రాలేదు కదండీ."

"నువ్వు తింటున్నది, కడుతున్నది ఎవరిచ్చారే? గాలికి వచ్చాయా?" అన్నాడు ఆయన. అని, గాజు బల్ల ముందు ఎవరో నిలబడితే అటు తిరిగి, అదే గొంతుని తేనెలో ముంచి, "రండి రండి," అన్నాడు.

ఆ పిల్ల అంటే ఆయన మొదటి భార్య కూతురు. పదకొండేళ్ళది. తల్లీతండ్రీ విడిపోయేనాటికి నాలుగేళ్ళు. అప్పుడు నెలకి అయిదు వేలని తేల్చారు. పిల్ల ఎదిగింది, ఖర్చులూ ఎదిగాయి, పెంచమని తల్లి అర్జీ పెట్టుకుంది. ఇంట్లో ఆ పిల్ల పేరుగానీ, తల్లి పేరుగానీ ఎవరూ ఎత్తరు. అత్తగారు ఆవిడని 'ఆ మహాతల్లి' అంటుంది. షాపుకి వచ్చి గోళ్ళకి రంగేసుకుంటూ కూర్చునేదట, చిటికెన వేలు కదిపేది కాదట. ఈ మాటలు ఆమె కాపురానికి వచ్చిన వారంలోనే విని, నేను మాత్రం అలా ఉండకూడదు సుమా అనుకుని, మర్నాడే వెనక గదిలో ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆయన పక్కన నిలబడి నేర్పించాడు. "ఆడవాళ్ళ చేతికి ఇది ఇట్టే వచ్చేస్తుంది," అన్నాడు. అంత ధీమాగా ఎలా చెప్పగలిగాడో ఆమెకి అప్పుడు తట్టలేదు.

"సంతకం అక్కడే, వాళ్ళ ముందే పెడతానండీ. ఇంకా బాగుంటుంది కదా," అంది. ఆయనకి ఆ తెలివి నచ్చింది. చదువుకోమని ఫైలంతా ఇచ్చి, భోజనానికి ఇంటికి పంపాడు.

చదవమన్నారు కాబట్టి ఆమె అంతా చదివింది. రెండున్నరేళ్ళ కూతురిని, బుజ్జిని, ఒళ్ళో పడుకోబెట్టుకుని, వంటింటి గడప మీద కూర్చుని, ఒక్కో కాగితం తిప్పింది. స్కూలు ఫీజు. వాన కోటు. పంటికి వైద్యం. బూట్లు, అయిదో నంబరు. మళ్ళీ నాలుగు నెలలకి బూట్లు, ఆరో నంబరు. ఏమిటిది, చూస్తుండగానే పాదం పెరిగిపోతోందే అనుకుంది. ఈ ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేని పిల్ల, కాగితాల్లోంచి వేలు, కాలు, పన్ను అన్నట్టు కొంచెం కొంచెంగా కనిపిస్తోంది. డాక్టరు రాసిన కంటి చీటీ చూసి ఆగిపోయింది. కుడి కన్ను నాలుగున్నర, ఎడమ మూడు. మైనస్. అంటే పక్క సీట్లో పిల్ల నవ్విందో ఏడ్చిందో కూడా అద్దాలు లేకుండా తెలియదు. అంత పవరుకి అంచు మందంగా వస్తుంది. సన్నటి ఫ్రేములో పట్టదు, పట్టించాలంటే చాలా ఓపిగ్గా అరగదీయాలి. ఆమె చేతికి ఆ అద్దం బరువు తెలిసింది.

దాని వెనకే బిల్లు. వేరే వీధిలో వేరే షాపుది. కళ్ళద్దాల షాపాయన కూతురు కళ్ళద్దాలు ఇంకో షాపులో కొనుక్కుంది. అద్దాలు ఇంత, ఫ్రేము ఇంత, బిగింపు కూలి దగ్గర గడి ఖాళీ. ఏ షాపువాడూ కూలి వదులుకోడు. మరి ఎవరు బిగించారు? ఇంకో కాగితం తిప్పింది. తల్లి జీతం చీటీ. ఊరి చివర లెన్సుల ఫ్యాక్టరీ. పని: బిగింపు.

"అత్తయ్యా, నేను రాకముందు వెనక గదిలో ఎవరు కూర్చునేవారు?" అని అడిగింది.

కూరగాయలు తరుగుతున్న అత్తగారు కత్తిపీట మీంచి తల ఎత్తలేదు. "ఎవరో ఒకరు కూర్చునేవారు. పనన్నాక ఆగుతుందా?"

"ఆవిడేనా?"

"కూర్చుంటే మాత్రం? చేతికి కాస్త పనొచ్చేసరికి పొగరు నెత్తికెక్కింది. నా కష్టం లెక్క చెప్పండి అంటుందా మొగుణ్ణి పట్టుకుని? సంసారమా, సంతలో దుకాణమా?" అత్తగారి గొంతు హఠాత్తుగా మెత్తబడింది. "ఇదిగో అమ్మాయ్, నువ్వు తెలివైనదానివి. అక్కడికి పోయే ప్రతి పైసా నీ పిల్ల నోటి దగ్గరది. అది గుర్తుపెట్టుకుని సంతకం పెట్టు."

బుజ్జి ఒళ్ళో నిద్రపోతూ గుప్పిటితో ఆమె కొంగు పట్టుకుంది. ఆ మాట మాత్రం ఆమెకి సూటిగా తగిలింది. తనకి తెలియని పిల్ల కోసం తన పిల్ల పాలు తగ్గించే తల్లి ఉంటుందా? కానీ ఆ లెక్క ఎంత తిరగేసినా ఒక చోట అడ్డం తిరుగుతోంది. ఆ మూడు వేలు ఆ పిల్లకి పోకుండా మిగిలితే, అది బుజ్జికి వస్తుందా? నాలుగేళ్ళుగా తన పేర పద్దెనిమిది వేలు మిగులుతూనే ఉన్నాయి కదా, అవి ఏ పాలగిన్నెలోకి వచ్చాయి? ఎనిమిది లక్షల అరవై నాలుగు వేలు. బిల్లు వెనక వేసి చూసుకుంది, రెండుసార్లు. ఆమె చదువు పదితో ఆగిపోయింది గానీ ఎక్కాలు బాగా వచ్చు.

ఆమెకి ప్రతిరోజూ సాయంత్రం దేవుడి ముందు కాసేపు కూర్చోవడం అలవాటు. ఏదీ పెద్దగా అడగదు. అందరూ బాగుండాలని అంటుంది, లేస్తుంది. ఆ సాయంత్రం అడిగింది. 'స్వామీ, నీ పేరు మీద అబద్ధం చెప్పను. అది తేలిపోయింది. కానీ ఇంకోటి తేలడం లేదు. నాకు జీతం రాలేదని చెబితే ఆ పిల్లకి మేలు, నేను మాత్రం ఊరికే చేసేదాన్నిగానే మిగిలిపోతాను. నాకు జీతం ఇవ్వాల్సిందే అంటే, అది నిజంగా ఇస్తే, ఆ పిల్లది తగ్గుతుంది. నేను నాది అడిగితే ఇంకో ఆడపిల్లది ఎందుకు తగ్గాలి? ఈ లెక్క నువ్వు పెట్టావా, మనుషులు పెట్టారా?' దేవుడు ఎప్పటిలాగే శాంతంగా చూశాడు. మనుషులే పెట్టి ఉంటారని ఆమెకి అనిపించింది. దేవుడైతే ఇంత మెలికలు పెట్టడు.

మర్నాడు పదకొండు గంటలకి ఆఫీసు. పొడవాటి గది, మధ్యలో బల్ల, గోడకి ఆగిపోయిన గడియారం. బల్లకి అటువైపు భరణాల అధికారిణి, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. ఇటు వీళ్ళిద్దరూ, ఎదురుగా మొదటి భార్య. గోళ్ళకి రంగు లేదు. పొట్టిగా కత్తిరించిన గోళ్ళు, కుడి బొటనవేలి పక్కన రాయి ఒరుసుకుని గట్టిపడిన చర్మం. అలాంటిదే తన వేలికీ ఉంది. ఆమె తన చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, మళ్ళీ ఎందుకో బల్ల మీదే పెట్టింది.

ఆయనే ముందు అందుకున్నాడు. "మేడమ్, ఆవిడ కూడా సంపాదిస్తోంది. ఫ్యాక్టరీలో మంచి జీతం. నన్నే ఎందుకు పీక్కుతింటారు?"

"ఆవిడ జీతం చీటీ నా దగ్గరుంది, అది కూడా చూశాను," అంది అధికారిణి. "పాప ఆవిడ దగ్గరే ఉంటుంది. వండిపెట్టడం, స్కూల్లో దింపడం, జ్వరమొస్తే సెలవు పెట్టడం, వీటికి చీటీలు ఉండవు. అందుకని మీ భాగం డబ్బులో చూస్తాం. మీ రెండో పాప భాగం పక్కన పెట్టాకే ఈ ఆరో వంతు. ఎవరి నోటి దగ్గరదీ తీయడం లేదు."

ఆమె చివ్వున తలెత్తింది. అత్తగారి మాట ఈవిడ చెవిన ఎలా పడిందా అని ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. తర్వాత అర్థమైంది. ఈ గదిలో ఆ మాట రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

అధికారిణి కాగితం తిప్పింది. "ఈ బిగింపు పని జీతం, పద్దెనిమిది వేలు. బ్యాంకులో వేస్తారా, చేతికిస్తారా?"

"చేతికేనండీ," అన్నాడు ఆయన.

"మిమ్మల్ని కాదు. వారిని అడుగుతున్నాను."

లాయరు చెప్పమన్న మాటలు ఆమె నోట్లో వరసగానే ఉన్నాయి. వాటిని అక్కడే వదిలేసి, "సంతకాలు నావేనండీ," అంది. "నలభై ఎనిమిదీ నేనే పెట్టాను. పైన ఏముందో చదవకుండా పెట్టాను, అది నా తప్పే. డబ్బు మాత్రం ఒక్క నెల కూడా అందలేదు. నిన్న మధ్యాహ్నం దాకా నాకు జీతం ఉందనే తెలియదు."

"ఏమిటే నువ్వు మాట్లాడేది? ఇంట్లో ఏం చెప్పాను నీకు?"

"చదివి పెట్టమన్నారు కదండీ," అంది ఆమె. ఎత్తిపొడుపు కాదు, ఉన్నమాటే అంది. "చదివాను."

ఎదురుగా ఉన్నావిడ మొదటిసారి నోరు విప్పింది. "మేడమ్, అంతకుముందు పుస్తకాలు కూడా తెప్పించండి. వాటిల్లో నా సంతకాలు ఉంటాయి. అప్పుడు నా జీతం పన్నెండు."

"అరచెయ్యి అడ్డం పెట్టేవారా?" ఆమె ఆపుకోలేక అడిగేసింది.

"పుస్తకం మీద అద్దం ముక్కలు పడ్డాయి, గుచ్చుకుంటాయి, ముట్టుకోకు అనేవారు," అంది ఆవిడ.

అధికారిణి ఇద్దరి వంకా చూసి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "సరే. ఎవరికీ ఇవ్వని జీతం ఖర్చు కాదు. అరవై మీదే లెక్క. పాపకి నెలకి పదివేలు."

"ఆగండి మేడమ్," అన్నాడు ఆయన. గాజు బల్ల ముందు బేరం జారిపోతున్నప్పుడు వచ్చే గొంతు అది, ఆమెకి బాగా తెలుసు. "జరిగిందేదో జరిగింది. నేనూ మనిషినే. ఈ నెల నుంచి నిజంగానే ఇస్తాను. పద్దెనిమిది వేలు, ఆవిడ చేతిలో. అప్పుడు నాకు మిగిలేది నలభై రెండే కదా? ఏడు రాసుకోండి. అడగండి, వద్దంటుందేమో."

మొదటి భార్య తన ఫైలు మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టింది. అధికారిణి నిట్టూర్చింది. "ఆయన అన్నదాంట్లో తప్పు లేదమ్మా. నిజంగా జీతమిస్తే అది ఖర్చే. మీరేమంటారు?"

నిన్న దేవుణ్ణి అడిగిన ప్రశ్నే ఇవాళ బల్ల మీదికి వచ్చి కూర్చుంది. ఆమెకి ఆ డబ్బు కావాలి. కావాలని ఇంత గట్టిగా అనిపించడం చూసి ఆమెకే వింతగా ఉంది. నాలుగేళ్ళుగా ఈ కోరిక తనలో ఏ మూల ఉందో. వద్దంటే త్యాగమంటారు, ఇంటికి వెళ్ళాక మళ్ళీ సాయం అంటారు. కావాలంటే ఆరో నంబరు బూట్ల పిల్లది తగ్గుతుంది. ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళల్లో అప్పుడే ఏడు వేల వెలుగు. ఈ నెల ఇస్తాడు. వచ్చే నెల, షాపు డల్‌గా ఉంది అంటాడు. పై నెల, అరచెయ్యి అడ్డం పెడతాడు. కాగితం మీద మాత్రం ఏడు వేలు ఏడు వేలుగానే ఉండిపోతుంది.

"నాకు జీతం కావాలండీ," అంది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"కానీ ఇవాళ పాపకి పదే రాయండి. ఆయన ఇవ్వడం మొదలుపెట్టనివ్వండి. ఆరు నెలలు వరసగా నా చేతికి వచ్చాక, నేనే వచ్చి మీకు చెప్తాను. అప్పుడు తగ్గించండి."

అధికారిణి కలం ఆపి ఆమెని చూసింది. ఎదురుగా ఉన్నావిడకి నవ్వొచ్చింది కాబోలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత అధికారిణి వంగి, పది అని రాసి, పక్కన అక్షరాల్లో కూడా రాసింది.

ఆయన బండి తీయడానికి వెళ్ళిపోయాడు. ఇద్దరు ఆడవాళ్ళూ మెట్ల దగ్గర మిగిలారు. ఏమని పిలవాలో తెలియక ఆమె కాసేపు చెప్పుల వంక చూసింది. చివరికి, ఇంతకంటే దగ్గరి వరస లేదు కదా అనుకుని, "అక్కా," అంది. "పాప అద్దాలు మీరే బిగించారా?"

"నేనే. నాలుగున్నర పవరు. ఆ ఫ్రేమే కావాలని ఏడ్చింది. రెండు రోజులు పట్టింది." ఆవిడ ఒక మెట్టు దిగి ఆగింది. "ఆ రాయి ఇంకా ఎడమవైపుకి లాగుతోందా?"

"లాగుతోంది. కింద అట్టముక్క పెట్టుకున్నాను."

"నేనూ అదే పెట్టాను. పాపం, కొత్త రాయి కొనలేదన్నమాట."

ఇద్దరూ నవ్వారు. కింద ఆయన హారన్ కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి పొడుగ్గా. "ఆఁ, వస్తున్నా," అని అలవాటుగా బదులిచ్చింది గానీ ఆమె కదల్లేదు.

"మీ ఫ్యాక్టరీలో ఈ పనికి ఎంతిస్తారక్కా?"

"చేరగానే ఇరవై రెండు. బ్యాంకులో వేస్తారు. చిన్నపిల్లల్ని ఉంచే గది ఉంది, ఆయా మంచిదే." ఆవిడ ఆమె మొహంలోకి పరీక్షగా చూసింది. "ఎందుకు?"

హారన్ మళ్ళీ మోగింది.

"పొద్దున్న ఎన్నింటికి తెరుస్తారు?" అని అడిగింది ఆమె.